కిడ్నీ క్యాన్సర్‌కు రెండు లెక్కలు

హైదరాబాద్ మాణికేశ్వర్ నగర్‌లో ఒకరికి మూత్రంలో రక్తం పడి, స్కాన్‌లో కిడ్నీ గడ్డ బయటపడితే గాంధీ ఆస్పత్రికో, నిమ్స్‌కో వెళ్తారు. ఆరోగ్యమిత్రకు కార్డు చూపించడం, రిపోర్టులు పంపడం, అప్రూవల్ కోసం ఎదురుచూడడం మనందరికీ తెలిసిందే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో కోత పడకముందే ట్రస్టు డాక్టరు ఫైలు చూస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లలోని జాతీయ కిడ్నీ క్యాన్సర్ ఆడిట్ అలా ముందు అడ్డుపడదు. తర్వాత, క్యాన్సర్ రిజిస్ట్రీ వివరాలకు ఆస్పత్రి రికార్డులు జతచేసి, ఎక్కడ ఎలాంటి వైద్యం అందిందో తేలుస్తుంది. మన తనిఖీ ఎదురుగా ఉన్న రోగికి అక్కరకొస్తుంది, వాళ్ల ఆడిట్ రేపు రాబోయే రోగికి.

అయితే వాళ్లు అడిగే ప్రశ్నలు నాకు ఎక్కువ నచ్చాయి. నాలుగు సెంటీమీటర్లు దాటని, ఎక్కడికీ పాకని గడ్డ అయితే కిడ్నీ మొత్తం తీసేశారా, గడ్డ వరకే తొలగించి మిగతాది నిలబెట్టారా? షుగర్, బీపీ ఉన్న మనిషికి ఆ మిగిలిన ముక్క ఎంత విలువైనదో డయాలసిస్ వార్డు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వ్యాధి పాకినవాళ్లలో ఎందరికి మందులు మొదలుపెట్టారని కూడా అడుగుతారు. ఆ లెక్క జబ్బు తేలిన రోజునుంచే నడుస్తుంది, కాబట్టి వైద్యం అందనివాళ్లూ అందులో ఉంటారు. ఆరోగ్యశ్రీ లెక్క మాత్రం ఆస్పత్రి పంపిన ఫైలుతో మొదలవుతుంది. భయపడి ఇంటికి తిరిగిపోయిన మనిషికి ఫైలే ఉండదు. నాకు బాధ కలిగించేది ఇదే.

అలాగని మన దగ్గర జబ్బును బట్టి లెక్కపెట్టేవాళ్లు లేరని కాదు. నిమ్స్‌లోని హైదరాబాద్ క్యాన్సర్ రిజిస్ట్రీ ఆ పనే చేస్తోంది. 2014–16 నాటి దాని అంకెలు ఐసీఎంఆర్ 2020 నివేదికలో ఉన్నాయి. కాకపోతే ఎందరికి వచ్చింది, ఎందరు పోయారు అన్నదే అది ముఖ్యంగా చెబుతుంది. మధ్యలో జరిగిన వైద్యం ఆరోగ్యశ్రీ ఫైళ్లలో ఉంది. బ్రిటన్‌వాళ్లు చేసింది ఈ రెండు రకాల వివరాలనూ ఒకచోట చేర్చడమే. అందుకోసం డాక్టర్ల చేత కొత్త ఫారాలు నింపించలేదు, ఉన్న రికార్డులనే వాడుకున్నారు. అయితే అక్కడైనా, ఇక్కడైనా రికార్డులో క్యాన్సర్ స్టేజి గడి ఖాళీగా వదిలేస్తే ఆ కేసులో వైద్యం సరైనదో కాదో ఎవరూ తేల్చలేరు.

నిమ్స్ రిజిస్ట్రీని, ఆరోగ్యశ్రీ ఫైళ్లను కలిపితే, చిన్న గడ్డలున్నవాళ్లలో ఎందరి కిడ్నీ నిలిచిందో ముందుగా చూడాలి.