వేళ్ల సందున పలుకు

అరచేతిలో పెట్టుకుని చూస్తే నువ్వెంత? వేపాకు రెబ్బలోంచి రెండాకులు తుంచి పక్కపక్కన పెట్టినంత. మూడు మూలలున్నాయి గానీ మూడూ ఒక తీరువి కావు. రెండు భుజాల్లా గుండ్రంగా ఉంటే, మూడోది సన్నగా కిందికి దిగి ఉగ్గుగిన్నె మూతిలా మొనదేరి ఉంటుంది. బరువు ఉన్నట్టే ఉండదు. జేబులో వేసుకుంటే చిల్లరలో కలిసిపోతావు, చొక్కాతో పాటు ఉతుకులోకి వెళ్లిపోతావు, చాప కింద దూరితే మళ్లీ సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడే కంటపడతావు. అయినా నువ్వు లేని రోజు ఆరు తీగల గిటారు గోడకి చేరగిలబడి మూగగా కూర్చుంటుంది.

దుకాణంలో నిన్ను పిక్ అంటారు. వీణ వాయించేవాళ్ల వేలికి తొడుక్కునే నీ అక్కని మీటు అంటారు. నేను మాత్రం నిన్ను పలుకు అనే పిలుచుకుంటాను. మన భాషలో బెల్లం పలుకు ఉంది, వక్క పలుకు ఉంది, కర్పూరం పలుకు ఉంది. చిన్న ముక్క అని అర్థం. నోటి మాటా పలుకే. తాను చిన్న ముక్కే అయి ఉండి, ముట్టుకున్న దాన్నల్లా మాట్లాడించే వస్తువుకి ఇంతకంటే సరిపోయే పేరు నాకు దొరకలేదు.

మాది ఇబ్రహీంపట్నం. ముందు కృష్ణ, పక్కన థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, వెనక కొండపల్లి కొండలు. హైదరాబాదు పోయే లారీ, జగదల్‌పూర్ పోయే లారీ విడిపోయేది మా ఊరి కూడలిలోనే. ఎండాకాలం వస్తే బెజవాడ ఎండ ఎటూ తప్పదు, నది ఒడ్డున ఉన్నందుకు దాని మీద ఉక్కపోత కూడా. మే నెలలో రాత్రి పదింటికి డాబా ఎక్కినా గచ్చు ఇంకా అరికాళ్లకి వెచ్చగా తగులుతూనే ఉంటుంది. గాలి ఆడదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే తడిసిపోతాడు. పలుకా, ఇక్కడ నీతో నా కథంతా చెమట కథే.

గిటారు నా చేతికి మొదట అందింది చర్చిలో. మా వైపు చాలామంది పిల్లలకి అంతే. డోలక్కీ కీబోర్డుకీ మధ్య గోడకి ఆనించిన గిటారు, ఆరాధన అయిపోయాక భయంభయంగా ఒక తీగ మీటి చూడటం, ఎవరో అన్నయ్య పక్కన కూర్చోబెట్టుకుని రెండు కార్డులు నేర్పడం. అలా మొదలై, నాలుగేళ్లకి గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఆరాధనకి వాయించే భాగ్యం నాకు దక్కింది. పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు. ఒక్కో మాటకి ఒక ప్రసంగం, ఒక పాట. ఏప్రిల్ ఎండ రేకుల కప్పు మీద నిప్పులు పోస్తోంది. జనం విసనకర్రలు ఊపుకుంటున్నారు. నా వేళ్ల సందున నున్నటి ప్లాస్టిక్ పలుకు.

అది జారిపోతుందన్న బెదురుతో గట్టిగా నొక్కిపట్టాను. నొక్కే కొద్దీ చెమట, చెమట పట్టే కొద్దీ జారుడు, జారే కొద్దీ ఇంకాస్త నొక్కుడు. మణికట్టు బిగుసుకుపోయింది, ఆ బిగువు మోచేతికి, అక్కణ్ణుంచి భుజానికి పాకింది. తీగ మీద దెబ్బ మొరటుగా పడుతోంది. పలుకు వేళ్లలోనే గిర్రున తిరిగి మొన పైకి, భుజం కిందికి వచ్చేది. నాలుగో మాట పాట మొదలయ్యేసరికి అది కాస్తా వేళ్లలోంచి జారి గిటారు బొజ్జలో ఉన్న గుండ్రటి కంతలో పడింది. లోపల చెక్క మీద టిక్కుమన్న ఆ చిన్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ పాటా, మిగతా మూడు పాటలూ బొటనవేలి గోరుతో లాగించాను. చివరికొచ్చేసరికి గోరు పక్క చర్మం లేచిపోయింది. ఆరాధన అయ్యాక ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు దగ్గరికొచ్చి తన చేతిరుమాలు నా చేతిలో పెట్టారు.

"నీదేం లేదు నాయనా. చేతికి చెమట పట్టకుండా ఆపగలమా? ముందు తుడుచుకో."

తుడుచుకుంటూ చూశాను. బొటనవేలి మెత్తటి చోట పలుకు అంచు దిగి ఎర్రగా గాటు పడింది. ఆ గాటు మూడు రోజులు పోలేదు.

నిన్ను వెతకడం అప్పుడు మొదలుపెట్టాను.

బెజవాడ గవర్నరుపేటలో వాయిద్యాలమ్మే దుకాణం అద్దాల బల్ల మీద నీ వాళ్లని గుప్పెడు ఒలకబోశారు. అర మిల్లీమీటరు కంటే పల్చనివి తమలపాకులా వంగుతాయి. వాటితో ఆరు తీగలూ ఒక్కసారి కిందికి దువ్వితే వాన చినుకుల చప్పుడు. ముప్పాతిక మిల్లీమీటరు దగ్గర మధ్యరకం. ఒక మిల్లీమీటరు దాటితే వంగవు, విడివిడిగా స్వరం వేయడానికి వాటిదే నికరం. మందం సంగతి నాకు ఆ రోజే అర్థమైంది. పట్టు సంగతి కాలేదు. అన్నీ నున్ననే. ఒకదాని మీద సూదితో అడ్డగీతలు గీశాను. ఒకదానికి గరుకు కాగితం పట్టించాను. ఒకదానికి కాల్చిన మేకుతో నడిమధ్య చిల్లు పొడిచాను, అందులోంచి రెండు వేళ్లూ ఒకదాన్నొకటి తాకి పట్టు దొరుకుతుందని ఎవరో చెబితే. కొంత నిజమే. క్వీన్ బృందంలో బ్రయన్ మే పాత ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడని చదివి, అంచు పువ్వురేకుల్లా ఉండే మన పాత పది పైసల బిళ్ల తీసి ప్రయత్నించాను. పట్టుకి బాగుంది, తీగకి బాగాలేదు. గీరింది.

దారి చూపింది మా ఎదురింటి అత్తయ్య. నెలపట్టిన రోజులు. తెల్లారగట్ల కళ్లాపి చల్లిన వాకిట్లో ఆవిడ వంగి ముగ్గు వేస్తోంది. ఆవిడ చెయ్యి చూస్తూ నిలబడిపోయాను. బొటనవేలూ చూపుడువేలూ. నిన్ను పట్టుకునే ఆ రెండే వేళ్లు. పిండి ధార దారప్పోగులా, ఎక్కడా లావెక్కకుండా, ఎక్కడా తెగకుండా దిగుతోంది.

"అత్తయ్యా, అంత సన్నగా ఎట్లా పోస్తావు?"

"నేను పొయ్యనురా. ఊరికే పట్టుకుని ఉంటా, అదే జారుద్ది. బిగబడితే ముద్ద కట్టుద్ది."

మనవాళ్లు పట్టూవిడుపూ అని ఒక్క ఊపిరిలో అంటారు. ఆ రెంటినీ విడదీసి, పట్టు ఒక్కదాన్నే పట్టుకు వేలాడాను ఇన్నాళ్లూ. చూపుడువేలి మొదటి కణుపు పక్కన నిన్ను పడుకోబెట్టి, పైన బొటనవేలు ఊరికే ఆనించి, బియ్యపు గింజంత మొన మాత్రం బయటికి వదిలితే చాలు. తీగ దాటేటప్పుడు నువ్వు కాస్త వెనక్కి వాలాలి, దాటాక మళ్లీ నిలబడాలి. ఆ వాలడానికి వేళ్లు చోటివ్వాలి. అయితే నొక్కకపోయినా జారని పలుకు కావాలి. అప్పుడు గానీ నాకు ఏం వెతకాలో తెలియలేదు.

నీ పుట్టుపూర్వోత్తరాలు తెలిసే కొద్దీ నీ మీద మమకారం పెరిగింది. ఒకప్పుడు నిన్ను తాబేటి చిప్పతో చేసేవారు. గద్దముక్కు లాంటి మూతి ఉండే సముద్రపు తాబేలు, హాక్స్‌బిల్ అంటారు, దాని డిప్ప పెంకులు. వేలి వేడికి చర్మంలా కలిసిపోయి పట్టు బ్రహ్మాండంగా ఉండేదని పాతతరం వాయిద్యకారులు చెప్పేవారు. ఆ మాట వినగానే నాకు హంసలదీవి గుర్తొస్తుంది. మా కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఆ ఇసుకలో చలికాలపు రాత్రుళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి పాకుతూ వస్తాయి. జాతి వేరే అయినా ఆ పాకులాట ఒకటే. 1970లలో అంతర్జాతీయ ఒప్పందంతో ఆ చిప్పల వ్యాపారానికి అడ్డుకట్ట పడింది. ఎంత తియ్యటి స్వరమైనా ఒక ప్రాణి వీపు మీంచి ఒలిచి తెచ్చుకోవాల్సిన పని లేదు.

చిప్పకి బదులు దొరికింది మాత్రం అంతకు చాలా ముందే. బెజవాడలో మారుతీ సినిమా హాలు వెలిసింది 1921లో. మరుసటి ఏడాది న్యూయార్కులో లుయీజీ డాండ్రియా అనే ఆయన తాబేటి చిప్ప రంగున్న సెల్యులాయిడ్ రేకుల్ని అచ్చుతో కొట్టి నీ వాళ్లని చేయడం మొదలుపెట్టాడు. హాల్లో తెర మీద ఆడిన ఆనాటి రీలుకీ నీకూ తల్లి ఒక్కతే. సెల్యులాయిడ్ మెత్తబడటానికి అందులో కర్పూరం కలుపుతారు. కర్పూరం పలుకు అని నిన్ను పిలిస్తే అది ఉపమానం కూడా కాదు, ఉన్న మాట. ఆ తర్వాత నైలాన్ వచ్చింది. 1981లో పిక్‌లు చేసే డన్‌లప్ వాళ్లు టార్టెక్స్ అనే రకం తెచ్చారు. నిగనిగలు లేకుండా సుద్దముక్క రాసినట్టు పొడిపొడిగా ఉండే పైపొర దానిది. మా ఎండల్లో కాస్త నిలబడింది అదే.

ఇంతకీ ఈ నేల మీద నీ పట్టు తెలిసిన మహానుభావుడు ఒకరున్నారు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, లోకానికి మాండలిన్ శ్రీనివాస్. వీణ తీగ లాగితే ఒక మెట్టు మీదే నాలుగు స్వరాలు ఊగుతాయి. మాండలిన్‌కి ఆ సౌలభ్యం లేదు. తీగ పొట్టిది, మీటగానే నాదం ఆరిపోతుంది. ఆయన జంట తీగలు తీసేసి ఒంటి తీగలు ఐదు కట్టుకున్నారు, వాయిద్యానికి కరెంటు జోడించారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు పాడుతుంటే విని, విన్నదాన్ని వేళ్లలోకి దించుకున్నారు. 1978లో మా ఉమ్మడి కృష్ణా జిల్లా గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసినప్పుడు ఆయనకి తొమ్మిదేళ్లు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లేనాటికి పద్నాలుగు. 1998లో పద్మశ్రీ. 2014లో, నలభై అయిదేళ్ల వయసులో వెళ్లిపోయారు.

ఆయన వాయిస్తున్న దృశ్యాలు ఎన్నిసార్లు చూశానో. అందరూ ఎడమచేతి వేళ్ల పరుగు చూస్తారు. నా చూపు కుడిచేతి మీదే. ముఖంలో చిరునవ్వు చెదరదు, భుజం కదలదు, మణికట్టు దగ్గర మాత్రం పిచ్చుక రెక్క కొట్టుకున్నంత చలనం. వేళ్ల సందున నువ్వున్నావో లేవో కూడా కనబడదు. తొమ్మిదేళ్ల పిల్లాడి వేళ్లలో నువ్వు ఎంత పెద్దగా కనిపించి ఉంటావో అనుకుంటాను. గుడివాడ మాకు దూరం కాదు. అదే గాలి, అదే ఉక్క.

కొండపల్లిలో నాకొక బొమ్మల మేస్త్రీ స్నేహితుడున్నాడు. తెల్లపొణికి చెక్కతో ఏనుగు అంబారీలు చేస్తాడు. పొణికితో నిన్ను చేసిపెట్టమంటే ఒప్పుకోలేదు. "ఆ చెక్క మెత్తన బాబూ, తీగకి ఒక్కరోజు కూడా ఆగదు. కొబ్బరిచిప్ప తీసుకురా" అన్నాడు. సరోద్ వాయించేవాళ్లు కొబ్బరిచిప్పతో చేసిన జవాతో మీటుతారని నేను ఎక్కడో చదివాను గానీ, ఈయన అదేమీ చదవకుండానే చేతితో ఆలోచించి చెప్పాడు. చిప్పని చిన్న రంపంతో కోసి, ఆకురాయితో అరగంట అరగదీశాం. నల్లటి పొడి ఒళ్లో రాలింది, కమ్మటి మాడు వాసన. చివర కాస్త కొబ్బరినూనె పూసి నా చేతిలో పెట్టాడు.

బొటనవేలు దాని మీద ఆన్చగానే ఒళ్లు ఝల్లుమంది. చిప్ప కదా, సహజంగానే లోపలికి గుంటగా వంపు తిరిగి ఉంది. బొటనవేలి మెత్తదనం సరిగ్గా ఆ గుంటలో కూర్చుంది. నొక్కలేదు, ఆనించానంతే. జారలేదు. ఇన్నాళ్లూ గరుకు కోసం వెతికాను. వేలికి కావలసింది కూర్చోవడానికి చోటు. పిల్లాడు అమ్మ చంకలో ఇమిడినట్టు ఇమడాలి.

ఆ చిప్ప పలుకు మూడు నెలలు వాయించాక మొన అరిగిపోయింది. అయినా పోలిక తెలిసింది గనక మళ్లీ గవర్నరుపేట వెళ్లి, ఈసారి మందం అడగలేదు, రంగు అడగలేదు. "నడుమ గుంట ఉన్నదేమైనా ఉందా అండీ?" అన్నాను. దుకాణం ఆయన అడుగు సొరుగులోంచి తీసి ఇచ్చాడు. ఊదారంగు గాజుముక్కలా ఉంది. ఒక మిల్లీమీటరు మందం. రెండు వైపులా నడిమధ్య కందిబద్దకి పట్టేంత పల్లం.

అదే నువ్వు.

ఆ సాయంత్రం మా ఊరి ఫెర్రీ దగ్గర ఘాటు మెట్ల మీద కూర్చున్నాను. పోలవరం కుడికాలువ మీదుగా వచ్చిన గోదావరి నీళ్లు కృష్ణలో కలిసేది అక్కడే. 2015 నుంచి పవిత్ర సంగమం అంటున్నాం. నీళ్లు కలిసిన చోట గీత ఏదీ కనబడదు. నిన్ను వేళ్ల మధ్య ఉంచి కింద తీగ నుంచి పై తీగ దాకా నెమ్మదిగా దువ్వాను. ఒక్కో తీగ దాని పేరు అది చెప్పుకుంటూ లేచింది. పక్కన గాలం వేసి కూర్చున్న తాత తల తిప్పి, మళ్లీ నీళ్లకేసి చూశాడు.

మరుసటి గుడ్ ఫ్రైడేకి మళ్లీ నేనే వాయించాను. అదే రేకుల కప్పు, అదే ఎండ, విసనకర్రల అదే చప్పుడు. పెద్దాయన అదే ముందు వరసలో ఉన్నారు. ఆయన చేతిరుమాలు ఉతికి, మడతపెట్టి జేబులో పెట్టుకుని వెళ్లాను. నాలుగో మాట వచ్చింది, వెళ్లింది. ఏడో మాట అయ్యాక, జనం మౌనంగా లేచి బయటికి నడుస్తుంటే, అరచెయ్యి విప్పి చూసుకున్నాను. చెయ్యంతా తడి. బొటనవేలి మీద గాటు లేదు. రుమాలు పొడిగా, మడత నలగకుండా, జేబులో అలాగే ఉంది.