గౌరవ వేతనం అనే మాట గురించి

స్త్రీల శ్రమను కథల్లో, కవిత్వంలో వెతుక్కుంటాం. ఈసారి నేను ప్రభుత్వ భాషలో వెతికాను. 1975లో ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచీ అంగన్‌వాడీ టీచరు ఉద్యోగి కాదు, 'గౌరవ కార్యకర్త'. ఆమెకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. ఎంత తియ్యటి మాట!

మా చౌడేపల్లె పల్లెల్లో ఆ గౌరవమెట్లుంటుందో చూడండి: పిల్లల తూకం, కోడిగుడ్ల లెక్క, బాలింతల ఇళ్ళకు తిరగడం. 2021 నుంచి వీటికి తోడు పోషణ్ ట్రాకర్. సిగ్నల్ అందకపోతే ఫోను పట్టుకుని మిద్దెక్కాల్సిందే.

గ్రాట్యుటీకి వీళ్ళు అర్హులని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతా టీచర్లూ ఆయాలూ సమ్మెకు దిగేనాటికి నెలకు టీచరుకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. జనవరి 6న ప్రభుత్వం ఎస్మా తెచ్చింది. భాష బట్టబయలైంది ఇక్కడే. జీతమడిగితే గౌరవ సేవ, పని ఆపితే అత్యవసర సేవ! ఒకే ఆడమనిషికి రెండు నిర్వచనాలు, రెండూ రాసినవాళ్ళకే అనుకూలం.

సమ్మె 42 రోజులు నడిచింది. ఆ మాట మాత్రం కాగితాల్లో అట్లాగే ఉంది. మా ఊళ్ళో మాత్రం ఎవరైనా 'జీతం పడిందా?' అనే అడుగుతారు.