నీలిగుడ్డపై తెల్లదారము

మన భాషలో 'అతుకుల బొంత' యను మాటను నిందకే తప్ప స్తుతికి వాడగా నేను వినలేదు. పొందిక లేని కావ్యమును గాని, పొత్తు కుదరని ప్రభుత్వమును గాని, మొదలికి తుదికి పట్టు లేని వాదమును గాని ఈసడింపదలచినవానికి వెదకుకొనకయే నాలుక చివరకు వచ్చు మాట యది. మాటకు గౌరవము లేకపోయినను వస్తువునకు గౌరవము కలదనియు, ఆ వస్తువును కుట్టిన చేయి ఎంతటి లెక్కను, ఎంతటి ఓర్మిని తనలో దాచుకొన్నదో మనము విచారింపనే లేదనియు నాకు తెలిసివచ్చినది పుట్టిన యూరిలో కాదు. సముద్రముల కావల, టోక్యో నగరపు తూర్పుకొసన, నిషికసాయిలోని యొక చిన్న వాటాయందు, కిటికీ ప్రక్కన.

నిషికసాయి భారతీయులు పెక్కుమంది కాపురముండు పేట. మావారు ఉద్యోగమునకు రైలెక్కి పోగా, పిల్ల బడికి పోగా, మిగిలిన పగలు నాకు మిక్కిలి దీర్ఘముగా తోచెడిది. చలికాలపు ఎండ కాసిన యొక యుదయమున, అచటి గృహిణులు పరుపులను బాల్కనీ కమ్మీలపై ఆరవేయుట చూచి, నేనును పెట్టె యడుగునుండి అమ్మ కుట్టి యిచ్చిన బొంతను తీసి ఆరవేసితిని. పాతబడి మెత్తనైన నాలుగు నూలుచీరలను దొంతరగా పరచి, పిల్ల పుట్టినపుడు దాని పక్కకై అమ్మ కుట్టిన బొంత యది. ప్రక్కవాటాలోని వృద్ధురాలు దానిని చూచి దగ్గరకు వచ్చి, కుట్ల వరుసను చూపుడువ్రేలితో మెల్లగా తడవి, "సాషికో" అనెను. ఆ మాట నాకు క్రొత్త. కుట్టు మాత్రము పాతదే. ఆ దినము మొదలు వారమునకు రెండు మధ్యాహ్నము లామె నాకు కుట్టు నేర్పుటయు, శని ఆదివారములందు ఆమె చెప్పిన చోటులను చూచుటకు మేము ముగ్గురము బయలుదేరుటయు వాడుకయయ్యెను.

సాషికో యనగా చిన్నచిన్న పోట్లని యర్థము. మనము సూదిపోటు అనునట్టిదే. సూది యొకమారు పైకి, ఒకమారు క్రిందికి పోవు సాదా కుట్టు తప్ప ఇందు వేరొక కుట్టు లేదు. ఇంత సామాన్యమైన పని యొక కళయగుటకు కారణము మొదట అందము కాదు, చలి. జపాను ప్రధానద్వీపపు ఉత్తరాగ్రమున నున్న అవొమొరి ప్రాంతమున మంచు దట్టము, వేసవి హ్రస్వము, ప్రత్తి పండదు. అచటి రైతులకు దక్కినది నారగుడ్డ. దాని నేతసందులనుండి గాలి జొరబడును. దక్షిణాదినుండి ఓడలపై వచ్చిన పాత నూలుగుడ్డల పేలికలను సైతము వారు పదిలముగా కొని దాచుకొనిరి. పొర మీద పొర వేసి కుట్టిన వెచ్చన, చిరుగునకు అతుకు వేసి కుట్టిన మన్నిక. ఈ రెండే వారెరిగిన సూత్రములు. ఇది చాలదన్నట్లు 1724లో ఆ ప్రాంతమునేలిన త్సుగరు సంస్థానపు ప్రభువులు పొదుపు పేరిట శాసనము వెలువరించి, రైతులు నూలుబట్ట కట్టరాదని విధించిరి. కట్టు బట్ట నారదే యైనను, దాని సందులను దారముతో పూడ్చు నేర్పు మాత్రము ఆ పల్లెల స్త్రీలకు మిగిలెను.

ఇక కుట్టు విధమును చెప్పెదను. గుడ్డ మరీ ఒత్తైన నేత కారాదు. కుట్టుటకు ముందు ఉతికి ఆరవేసినగాని పిదప ముడుచుకొనిపోవును. దారము నూలుది, అనేక పోగులను వదులుగా పేనినది, మెరుపు లేనిది. పూలపనికి వాడు పట్టువంటి దారము దీనికి పనికిరాదు. సూది పొడవైనది, బెజ్జము పెద్దది. మన దర్జీలు వ్రేలికొసకు తొడుగు అంగుస్తానా వంటిదే యిచటను కలదు గాని, దాని స్థానము వ్రేలి మొదలు: నడిమివ్రేలికి ఉంగరమువలె తొడిగి, అరచేతివైపున దాని బిళ్ల నిలుచునట్లు చేసి, సూది వెనుకకొసను ఆ బిళ్లకు ఆనించి అరచేతితో నెట్టుదురు. ఇచటనే నేను మొదట తడబడితిని. మా అమ్మ బొంత కుట్టునపుడు చీరల దొంతరను నేలపై పరచి, మూలలకు బరువులు పెట్టి, అంచు వెంబడి చుట్టును తిరుగుచు లోపలికి వచ్చును. గుడ్డ కదలదు, సూదియే నడచును. సాషికోయందు సూది కదలదు, గుడ్డయే నడచును. కుడిచేయి సూదిని పట్టి ఇంచుమించు నిశ్చలముగా నుండగా, ఎడమచేయి గుడ్డను మీదికిని క్రిందికిని ఊపుచు సూదిపైకి ఎక్కించును. అయిదారు కుట్లు సూదిపై కుచ్చులుగా చేరిన పిమ్మట ఒక్కసారి దారమును లాగుదురు. లాగిన వెంటనే కుట్టిన బారును బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పట్టి, దారమువెంట గుడ్డను సవరించి సాపుచేయుదురు. ఈ సాపుచేయుటను మరచినవారి గుడ్డ ముడుతలు పడి, ఎంత ఇస్త్రీ చేసినను చక్కబడదు.

కుట్టు కొలతకు మా గురువు చెప్పిన ఉపమానము బియ్యపుగింజ: పైకుట్టు గింజంత, అడుగుకుట్టు దానికన్న కొంచెము పొట్టి, పైన మూడుపాళ్లైన అడుగున రెండుపాళ్లు. కుట్లు చిన్నవగుటకంటె సమానమగుట ముఖ్యము. మూల తిరుగుచోట కుట్టు సరిగా మూలకే వచ్చి దిగవలెను. తిరిగిన పిదప అడుగున దారమును కొంచెము వదులుగా విడువవలెను, లేనియెడల మూల ముడుచుకొనును. అనేక రేఖలు కలిసికొను కేంద్రమునందు కుట్లు ఒకదానిపై నొకటి ఎక్కరాదు. అన్నియు కేంద్రమునకు గోరంత దూరమున ఆగి, నడుమ చుక్కయంత చోటు ఖాళీగా విడువవలెను. ఆ ఖాళీయే పూవునకు కన్నువలె ప్రకాశించును. అన్నిటికంటె నాకు విచిత్రముగా తోచిన నియమము మరియొకటి: దారమునకు ముడి వేయరాదు. మొదలిడు చోట మూడు కుట్లు వెనుకకు పోయి, మరల వానిపైననే కుట్టుచు ముందుకు రావలెను, ముగించునపుడును అట్లే. ముడి ఒంటికి ఒరసికొనును, ఉతుకులో ఊడును. తనపై తాను నడచిన దారము మాత్రము ఊడదు.

ఈ సాదా కుట్టుతో కూర్చు అల్లికలు రెండు కుటుంబములు. వంకరలును కోణములును గల రేఖలను ముందుగా గీచి వానివెంట కుట్టునవి మొదటివి: సముద్రతరంగములు, ఒకదానిలో నొకటి చొచ్చుకొనిన వలయములు, 'అసానొహా' అను నారాకు నమూనా ఈ తెగవి. నారమొక్క నిటారుగా, త్వరగా ఎదుగును గనుక పసిపిల్లల దుస్తులపై నారాకును కుట్టుట అచటి ఆచారము. గళ్ల కాగితమువంటి గీతలపై నిలువున ఒకమారు, అడ్డమున ఒకమారు ఒక్కొక్క కుట్టుగా వేయగా, రెండును కలిసినచోట తామై పుట్టు పూవులు రెండవ తెగవి. నిలువు వరుసలు ముగియువరకు బొమ్మ కనబడనే కనబడదు. అడ్డువరుస మొదలుకాగానే గీతలలోనుండి పూవులు తలలెత్తును. చుక్కల ముగ్గు పెట్టినవారి కీ యానందము క్రొత్తది కాదు. చుక్కల లెక్క తప్పిన ముగ్గు కలియదు, కుట్ల లెక్క తప్పిన పూవు విరియదు. వాకిలి లేని వాటాలో నాలుగేండ్లు ముగ్గు పెట్టని నా చేతికి ఆ గళ్లగుడ్డ చిన్న వాకిలియైనది.

లెక్కకు పరాకాష్ఠ త్సుగరు పల్లెల కోగిన్ అను కుట్టు. నీలిరంగు నారగుడ్డయొక్క నిలువుపోగులను ఒకటి, మూడు, అయిదు, ఏడని బేసిగా లెక్కించుచు అడ్డముగా తెల్లని నూలుదారమును దూర్చుదురు. వజ్రాకారములు నిలువున సాగును. తూర్పున నున్న నంబు ప్రాంతమువారు సరిసంఖ్యలను లెక్కింతురు. వారి వజ్రములు అడ్డమున వెడల్పగును. కోగిన్ నమూనాల పేర్లు వినుటకు ముద్దుగా నుండును: చిన్ని చిక్కుడుగింజ, చిన్ని పూవు, పిల్లికన్ను. ప్రభువుల శాసనములో నారగుడ్డ యను మాట తప్ప లేదు. ఆ గుడ్డపై పెరటినంతయు తెచ్చి నిలిపినవారు దానిని కట్టుకొన్న స్త్రీలు.

ఈ విద్యకు పాఠశాల మధ్యాహ్నములైన, ప్రయోగశాల ఆదివారములు. మొదటి ఆదివారము నిప్పొరికి పోయితిమి. యమనొతె రైలు దిగినంతనే ఇంచుమించు కిలోమీటరు పొడవున బట్టల అంగళ్లు, గుండీల అంగళ్లు, కట్‌పీసుల గంపలు; మన పెద్దబజారులలోని గుడ్డల వీధి తలపునకు వచ్చును. నేను రంగునకు మురిసి, గురువు మాట మరచి, ఒత్తైన నేతగల నీలిగుడ్డను కొంటిని. రెండవ వరుసకే సూది విరిగెను. దోషము అంగడివానిది కాదు, నా కన్నులది; చేతితో చూడవలసిన దానిని కంటితో చూచితిని.

మరియొక ఆదివారము యొత్సుయాలోని అగ్నిమాపక ప్రదర్శనశాలకు పిల్లకై పోయి, అచట, ఎడో యనబడిన నాటి టోక్యో నగరమున నిప్పునార్పినవారి కథను తెలిసికొంటిమి. కొయ్యయిండ్ల ఆ నగరమున వారు తొడుగు అంగీ పలుపొరల నూలుగుడ్డను సాషికోతో దట్టముగా కుట్టినది; దానిని నీటితో తడిపి మంటలలోనికి దిగెడివారట. కుట్ల నడుమ నిలిచిన నీరే వారికి కవచము. వెలుపల సాదాగా నుండు ఆ అంగీకి లోపలివైపున వీరుల చిత్రములు, నాగముల చిత్రములు వేయించుకొని, మంట ఆరిన పిదప తిరగవేసి తొడిగి వీధులవెంట నడచెడివారు. చలి కాపిన కుట్టే నిప్పునుండియు కాపాడుట నాకు ఆశ్చర్యము గొలిపెను.

కొమాబాలోని జానపదకళల ప్రదర్శనశాలకు మూడుమారులు పోయితిమి. 1936లో దానిని నెలకొల్పిన యనగి సోయెత్సు, పేరు చెప్పని పనివారు నిత్యోపయోగమునకై చేసిన వస్తువులలోనే నిజమైన సౌందర్యము కలదని జీవితమంతయు వాదించిన మహాశయుడు. 1891లో రైలు అవొమొరికి చేరి, చవుక నూలుబట్ట ఊరూర దొరకగా కోగిన్ కుట్టు చేతులు మెల్లగా ఆగిపోయినవి. నలువదేండ్ల తరువాత, 1932లో, యనగి తన పత్రికలో ఆ పనిని గూర్చి వ్రాసి లోకమునకు చూపెను. ఆ రైలు కోగినుకు అపకారము చేసినదని విచారించువారు కలరు. నేను విచారింపజాలను. వెచ్చని బట్ట కొనగలిగిన తల్లి దీపపు వెలుగున కన్నులు పోగొట్టుకొని కుట్టవలసిన పనిలేదు. దారిద్ర్యము అందమైనది కాదు, అందము దానిని జయించిన చేతిది. ఈ భేదమును మరచి, చిరుగులను అద్దాలబీరువాలో చూచి మురియువారు, శాసనము చేసిన ప్రభువులకు తెలియకయే కీర్తిని కట్టబెట్టుచున్నారు.

అయినను ఆ చేయి నేర్చిన దానిని మనము విడువనక్కరలేదు. మన ఇండ్లలో చీర చినిగిన ఉయ్యాలయగును, ఉయ్యాల పాతబడిన బొంతయగును, బొంత చివికిన మసిగుడ్డయగును. అచటి కిమొనో తుదకు నేల తుడుచుగుడ్డగా ముగియుట ఇట్టిదే. మా పిల్ల బడివారు సంవత్సరారంభమున ప్రతి బిడ్డయు రెండు తుడుచుగుడ్డలు తేవలెనన్నపుడు, పాత తువాలును మడిచి సాదా కుట్టుతో కుట్టి పంపితిని. బౌద్ధభిక్షువులు గుడ్డముక్కలను కూర్చి కట్టుకొను వస్త్రమును జపానులో 'కెసా' అందురు. మన కాషాయమే అంత దూరము నడచి ఆ పేరైనది. సంస్కృతమున విరాగి కప్పుకొను కంథయు, వంగదేశపు స్త్రీలు పాతచీరలపై పూవులు కుట్టు కాంథాయు, మన బొంతయు ఒక్క ఇంటివే. ఆసియాఖండమున సగము అతుకుల బొంత కప్పుకొని నిద్రించినది. పెక్కుమంది జ్ఞానులు దానినే కప్పుకొని మేల్కొనిరి.

ఫిబ్రవరి 8వ తేదీన అసకుసాలోని సెన్‌సోజి దేవాలయపు ఆవరణమున, అవషిమా మందిరమువద్ద, సూదులకు పూజ జరుగును. ఏడాదిలో విరిగిన సూదులను, వంగిన సూదులను తెచ్చి మెత్తని సోయాజున్నుగడ్డలో గ్రుచ్చి నమస్కరింతురు. గట్టి గుడ్డలలో ఏడాదంతయు శ్రమించినదానికి తుదకు మెత్తనిచోట విశ్రాంతి యని. నిప్పొరి గుడ్డకు బలియైన నా సూదిని మా గురువు ప్రక్కన నిలిచి గ్రుచ్చితిని. మన దసరా ఆయుధపూజలో పనిముట్టుకు పసుపుకుంకుమలు దక్కును గాని, విరిగిన పనిముట్టుకు సెలవు చెప్పుట నేనెచటను చూడలేదు.

ఆ సాయంకాలమే అమ్మ బొంతకు మూలనున్న చిరుగుపై నీలిగుడ్డముక్క నొకటి అతికి, తెల్లదారముతో నారాకును కుట్టితిని. ఫోనులో చూపగా అమ్మ కళ్లజోడు సవరించుకొని, వెనుకవైపు త్రిప్పుమని, చాలసేపు చూచెను.

"ముడే వెయ్యలేదేమే? ఊడిపోదూ?"

"మూడు కుట్లు వెనక్కెళ్ళి, మళ్ళీ వాటి మీదుగానే ముందుకొచ్చానమ్మా. ఊడదు."