పగులుకు లెక్క కట్టిన గాజు బుడ్డి

మన కాలేజీల్లో ఫ్రాక్చర్ మెకానిక్స్ చదివినవాళ్ళకు గ్రిఫిత్ అంటే ఒక సూత్రం. పగులు పొడవు నాలుగింతలైతే పెళుసు పదార్థం సగం ప్రతిబలానికే విరిగిపోతుందని చెప్పే సూత్రం. పరీక్షకు అది చాలు. కానీ 1920లో ఆయన రాయల్ సొసైటీకి పంపిన మూల వ్యాసం తీసి చదివితే, ఆ సూత్రాన్ని రుజువు చెయ్యడానికి పడిన తంటాల దగ్గరే కళ్ళు ఆగిపోతాయి. అంత సొగసైన ప్రయోగం గురించి పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

అలన్ ఆర్నల్డ్ గ్రిఫిత్‌కు అప్పటికి ఇరవయ్యారేళ్ళు. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో, విమానాల పరిశోధనశాలలో ఉద్యోగం. లోహపు భాగం మీద కంటికి ఆనని గీత పడినా దాని బలం ఎందుకు తగ్గుతుందన్నది అక్కడివాళ్ళను వేధిస్తున్న ప్రశ్న. పలకలో దీర్ఘవృత్తాకారపు రంధ్రం ఉంటే దాని కొసల దగ్గర ప్రతిబలం ఎంత పెరుగుతుందో 1913లోనే ఇంగ్లిస్ లెక్కగట్టాడు. చిక్కల్లా ఏమిటంటే, రంధ్రం సన్నబడి పగులుగా మారేకొద్దీ కొసన ప్రతిబలానికి హద్దే ఉండదు. ఆ లెక్కన గీత పడ్డ కిటికీ అద్దం వేలు తగిలినా పగలాలి. పగలదు.

గ్రిఫిత్ ప్రతిబలాన్ని పక్కనబెట్టి శక్తికి జమాఖర్చు రాశాడు. పగులు కాస్త సాగితే చుట్టూ బిగిసి ఉన్న పదార్థం సడలి శక్తిని వదులుతుంది, అది జమ. సాగిన మేర రెండు కొత్త ముఖాలు ఏర్పడాలి, వాటికి తలతన్యత రూపంలో శక్తి కావాలి, అది ఖర్చు. ఖర్చు పగులు పొడవును బట్టి పెరుగుతుంది. జమ ఆ పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే ఒక హద్దు దాటిన పగులు ఇక ఆగదు. పగిలే క్షణాన ఉన్న ప్రతిబలాన్ని పగులు సగం పొడవు వర్గమూలంతో గుణిస్తే ఎప్పుడూ ఒకే సంఖ్య రావాలి. ఆ సంఖ్యను పగలగొట్టకుండానే, పదార్థపు స్థితిస్థాపకత, తలతన్యతలను బట్టి ముందుగా చెప్పగలగాలి.

ఇక్కడే పనితనం మొదలవుతుంది. లోహాన్ని తీసుకుంటే విరిగేముందు సాగుతుంది, శక్తి ఆ సాగడంలో ఖర్చయిపోతుంది. పైగా గట్టి పదార్థపు తలతన్యతను కొలిచేదెలా? రెంటికీ గాజే జవాబు. అది విరిగేదాకా హుక్ నియమాన్ని తప్పదు. మంచులా ఒక్కసారిగా కరగదు, వేడికి మెల్లగా మెత్తబడుతుంది. కాబట్టి మెత్తబడిన స్థితిలో కొలిచి, ఆ కొలతల వరుసను గది ఉష్ణోగ్రత దాకా పొడిగించవచ్చు.

ఆ కొలత తీరు చూడండి. రెండంగుళాల గాజు పోగు, మందం అంగుళంలో వెయ్యింట రెండు వంతులు. కొసలు గుండ్రటి బొడిపెలు. దాన్ని తీగ కొక్కేలకు అడ్డంగా తగిలించి, నడిమిన చిన్న బరువు వేలాడదీసి, విద్యుత్ కొలిమిలో పెట్టాడు. గాజు మెత్తబడి జిగటగా సాగుతూ కిందికి వంగుతుంది, ఒకచోట ఆగుతుంది. ఆగిన తర్వాత బరువును మోస్తున్నది తలతన్యత ఒక్కటే. వంగిన కోణం చూస్తే దాని విలువ తెలిసిపోతుంది.

తర్వాత బుడ్డీలు. పలచటి గాజు బుడ్డీల మీద వజ్రంతోనో ఉక్కు అంచుతోనో గీసి పగులు తెప్పించాడు. గీసినప్పుడు గాజులో మిగిలే బిగువు కొలతను పాడుచేస్తుంది గనక 450 డిగ్రీల దగ్గర కాల్చి ఆ బిగువును తీసేశాడు. పగులులోంచి నీరు కారకుండా లోపల సెల్యులాయిడ్ జిగురు పూసి, ఆరేలోగానే నీటి పీడనంతో పగలగొట్టాడు. పగులు 0.15 అంగుళాలున్న బుడ్డి చదరపు అంగుళానికి 864 పౌండ్ల ప్రతిబలం దగ్గర పగిలింది. 0.27 అయితే 623, 0.54 అయితే 482, 0.89 అయితే 366. గుణించి చూస్తే నాలుగూ 228కీ 251కీ మధ్యనే పడ్డాయి. సిద్ధాంతం ముందే చెప్పిన సంఖ్య 266.

పగులే గీయని గాజు కూడా, సిద్ధాంతం ప్రకారం ఉండాల్సిన బలం లేకుండా, ఎందుకంత బలహీనం? దానికి పోగులు లాగాడు. ఒక మిల్లీమీటరు మందపు పోగు చదరపు అంగుళానికి 24,900 పౌండ్లకు తెగింది. 0.0033 మిల్లీమీటర్ల పోగు 4,91,000 పౌండ్ల దాకా ఓర్చుకుంది. మామూలు గాజు నిండా మన కంటికి కనబడని పగుళ్ళున్నాయన్నమాట.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం వ్యాసం చివర ఆయనే చేర్చిన చిన్న గమనిక. పగులు చుట్టూ ఉండే శక్తిని లెక్కించిన పద్ధతిలో దిద్దుబాటు అవసరమని తేలిందని, సంఖ్యలు మారినా వాటి స్థాయి మారదని, అసలు వాదనకు ఢోకా లేదని రాశాడు. దిద్దితే 266 కాస్తా 133 అవుతుంది. అంటే అంత ముచ్చటగా కుదిరిన పొంతన సగానికి సగం చెడింది. అయినా ఆ నాలుగు బుడ్డీల లబ్ధాలు దాదాపు ఒకటే కావడం చెక్కుచెదరలేదు. అది ఏ సిద్ధాంతం మీదా ఆధారపడని కొలత. దిద్దిన సిద్ధాంతాన్ని 1924లో డెల్ఫ్ట్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ అనువర్తిత యాంత్రికశాస్త్ర మహాసభలో వినిపించాడు.

లోహాలకు ఈ లెక్క పనికివచ్చేలా అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో జార్జ్ ఇర్విన్ తీర్చిదిద్దాడు. కంప్యూటర్ మీద పగుళ్ళ లెక్కలు కట్టే విద్యలో పేరు తెచ్చుకున్నవారిలో మన గుడివాడలో పుట్టిన అట్లూరి సత్యనాథం ఒకరు. ఆయనకు 2013లో పద్మభూషణ్ వచ్చింది. గ్రిఫిత్ మాత్రం ఇంజన్ల వైపు మళ్ళాడు. 1926లో టర్బైన్ రెక్కల మీద గాలి ప్రవాహపు సిద్ధాంతం రాసి, 1939లో రోల్స్ రాయిస్‌లో చేరి జెట్ ఇంజన్ల పనిలో పడ్డాడు.