పాత స్టీలు సైకిల్‌ని కోయకండి, రోడ్డెక్కించండి

ఇంగ్లండులోనో ఇటలీలోనో ఒక పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే గ్యారేజీ మూల నుంచి 1970ల నాటి రేసు సైకిల్ బయటపడుతుంది. టైర్లు బీటలు వారి ఉంటాయి, చైను తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది, హ్యాండిల్‌కి చుట్టిన టేపు పేలికలై వేలాడుతుంటుంది. దీన్నేం చేయాలి? ఇవాళ వినబడే జవాబులు నాలుగు. తూకానికి వేసేయడం, అలంకారంగా గోడకు తగిలించడం, గేర్లు పీకేసి ఒంటి గేరు ఫ్యాషన్ బండిగా మార్చడం, ఉన్న రంగంతా గీకి కొత్తదానిలా మెరిపించడం. నాలుగూ తొందరపాటు జవాబులే, ఎందుకంటే వాటిలో ఏదీ ముందు ఫ్రేముని చూడదు. మంచి చేతిపని ఉన్న స్టీలు ఫ్రేము నడవడానికి పుట్టింది కాబట్టి దాన్ని నడిపించాలి. నడిపించడం కోసం కూడా వెనక్కి తీసుకోలేని పని ఏదీ దానికి చేయకూడదు. నేను చెప్పదలచింది ఇంతే.

ఆ ఫ్రేము ఎలా తయారైందో తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది. బర్మింగ్‌హామ్‌లోని రెనాల్డ్స్ వాళ్లు 1897లోనే ఒక కిటుకుకి పేటెంటు తీసుకున్నారు. గొట్టం బయటి కొలత అంతటా ఒకటే, గోడ మాత్రం చివర్లలో మందంగా, నడుమ పల్చగా ఉంటుంది. మంట తగిలేదీ, భారం ఎక్కువగా పడేదీ చివర్లలోనే కాబట్టి లోహాన్ని అక్కడే ఉంచారు. 1935లో మాంగనీస్, మాలిబ్డినం కలిపిన రెనాల్డ్స్ 531 వచ్చింది. మిలాన్‌ కొలంబస్ వాళ్ల ఎస్‌ఎల్ గొట్టం నడుమ మందం 0.6 మిల్లీమీటర్లే. అయినా అసలు విద్య గొట్టంలో కాదు, అతుకులో ఉంది. గొట్టం చివరను లగ్గు అనే తొడుగులోకి దూర్చి, ఫ్లక్స్ పూసి, గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, ఇత్తడి పుల్ల ఆనిస్తారు. కరిగిన ఇత్తడి గొట్టానికీ లగ్గుకీ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులోకి తనంతట తానే పాకిపోతుంది. ఇత్తడికి సుమారు 900 డిగ్రీల వేడి కావాలి, వెండి మిశ్రమానికి 600-700 చాలు. మంట ఒకేచోట ఎక్కువసేపు నిలిస్తే ఉక్కు సత్తువ పోతుంది. వేడి చాలకపోతే ఇత్తడి సగం దారిలో ఆగి లోపల బోలు మిగులుతుంది. రంగు వేశాక మంచి అతుకూ, చెడ్డ అతుకూ పైకి ఒకేలా కనిపిస్తాయి. మంట కింద మారే లోహపు రంగు ఒక్కటే పనివాడికి కొలమానం. ఆ తర్వాత గంటల తరబడి ఆకురాయి పట్టి లగ్గు అంచుని పల్చబరుస్తాడు. ఇది అందం కోసమే కాదు. మందం ఉన్నట్టుండి మారితే ఒత్తిడంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది.

ఈ విద్యలో ఎంతెంత మొనగాళ్లున్నారని! లండన్‌లో హెచిన్స్ ఫ్రేములు చేసిన జాక్ డెన్నీ లగ్గుల్ని పూలతీగల్లా చెక్కి, వెనక గొట్టాలకు ఒయ్యారపు వంపు తెచ్చాడు. మిలాన్‌లో ఫాలియెరో మాసి దుకాణం విగొరెల్లి అనే సైకిల్ పందేల వెలోడ్రోము కిందే ఉండేది. అక్కడ తయారైన ఫ్రేము పైకెక్కితే ట్రాకే! 1972లో మెక్సికో సిటీలో ఎడ్డీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కిన సైకిల్ ఎర్నెస్టో కొల్నాగో చేతిది. ఉక్కు సైకిలే, ఆరు కిలోలు కూడా లేదు. ఉక్కంటే బరువని ఈసడించేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. యోషియాకి నగసవా జపాన్ నుంచి ఇటలీ వెళ్లి పని నేర్చుకొచ్చాడు. అతని ఫ్రేములెక్కిన కొయిచి నకానో 1977 నుంచి 1986 దాకా వరుసగా 10 సార్లు ప్రపంచ స్ప్రింట్ విజేత అయ్యాడు. ఇల్కెస్టన్‌లో జెరాల్డ్ ఓడొనోవన్ నడిపిన రాలీ ప్రత్యేక విభాగం ఫ్రేము మీద యోప్ జూటెమెల్క్ 1980 టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. యంత్రం పెట్టిన వెల్డింగు ఎంత గట్టిదైనా కావచ్చు, ఈ చేతులకు సాటి రాదు.

అయితే దొరికిన ప్రతి బండీ ఇంత గొప్పది కాదు. రంగు చూసీ పేరు చూసీ మోసపోకూడదు. 531 స్టిక్కర్లలోనే తేడాలున్నాయి. మూడు ప్రధాన గొట్టాలే ఆ రకమని ఒకటి చెబుతుంది, ఫోర్కుతో సహా అన్నీ అవేనని ఇంకొకటి చెబుతుంది. సీటు రాడ్ తీసి వెర్నియర్‌తో కొలవండి. 27.2 మిల్లీమీటర్లుంటే గొట్టం పల్చని మేలు రకం కావచ్చు. 26కి దగ్గరగా ఉంటే మందపాటి చవక గొట్టమే అనుకోవచ్చు. వెనక చక్రం ఇరుసు కూర్చునే కొక్కేలు కొట్టి మలిచినవా, రేకు నుంచి కత్తిరించినవా చూడండి. లగ్గు అంచు వెంబడి గోరు నడిపితే ఎక్కడా సందు తగలకూడదు. తల గొట్టానికి కాస్త వెనక, కింది గొట్టం అడుగున రంగు ముడతలు పడి ఉంటే ఆ బండి ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దిందన్నమాట. ఒక కొక్కేనికి దారం కట్టి, తల గొట్టం చుట్టూ తిప్పి రెండో కొక్కేనికి లాగండి. సీటు గొట్టానికి అటూ ఇటూ దూరం సమంగా లేకపోతే ఫ్రేము వంకరపోయినట్టే. లోపల తుప్పు తినేసిన ఫ్రేమయితే దాని భాగాలు వేరే బండికి పనికొస్తాయి. ఫ్రేము నిటారుగా ఉండి గొట్టాలు మాత్రం మామూలివైతే దాన్ని రోజూ బజారుకి తొక్కండి. అదీ గౌరవమే. గొట్టమూ అతుకూ రెండూ మేలైనవైతే అక్కడి నుంచి చేయి జాగ్రత్తగా పడాలి.

జాగ్రత్త అంటే ముట్టుకోకుండా దాచుకోవడం కాదు. బేరింగులన్నీ విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టండి. కేబుళ్లు, బ్రేకు రబ్బర్లు, చైను, టైర్లు మార్చండి. వానలో క్రోమ్ పూసిన ఇనుప రిమ్ముల మీద బ్రేకు సరిగా పట్టదు, అల్యూమినియం రిమ్ములు వేసుకోండి. పాత 27 అంగుళాల రిమ్ము వ్యాసం 630 మిల్లీమీటర్లు, నేటి 700సీ రిమ్ముది 622. బ్రేకు రబ్బర్లు 4 మిల్లీమీటర్లు కిందికి దిగితే చాలు, కొత్త చక్రం కుదురుతుంది. తీసిన భాగాలన్నీ ఒక డబ్బాలో దాస్తే ఎప్పుడైనా మళ్లీ బిగించుకోవచ్చు. గేరు తగిలించే చెవిని గ్రైండరుతో కోసేశాక మాత్రం అది తిరిగి రాదు. మందంగా పౌడర్ కోటింగు కొట్టిస్తే ఆకురాయి గీసిన అంచులన్నీ దాని కింద పూడిపోతాయి. మర తెలియకుండా పెడళ్ల ఇరుసు విప్పబోయినా అంతే. ఇంగ్లీషు ఫ్రేముకి చైను వైపు ఆ ఇరుసుని పట్టి ఉంచే కప్పు ఎడమ మర, ఇటలీ ఫ్రేముకి రెండూ కుడి మరే. అది చూసుకోకుండా బలం ఉపయోగిస్తే మర అరిగి ఫ్రేమే పాడవుతుంది.

ఖర్చు గిట్టదనేవాళ్లున్నారు. కొత్తదానిలా మెరిపించాలనుకుంటే నిజంగానే గిట్టదు, నడిచేలా చేయడానికి మాత్రం అంత అవదు. పాత ఉక్కు ఎప్పుడు విరుగుతుందోనన్న భయం కూడా న్యాయమైనదే. అందుకే లగ్గు అంచుల్లో, ఇరుసు గూడు దగ్గర పగుళ్లున్నాయేమో ముందే వెతకాలి. ఆ వయసు బండిలో ఉక్కు కంటే ఎక్కువ అనుమానించాల్సింది అల్యూమినియం హ్యాండిల్‌నీ, దాన్ని పట్టుకునే మెడనీ. సందేహముంటే ఆ రెండూ మార్చేయండి. ఉక్కు గొట్టం పాడైతే పనితెలిసిన చేయి దాన్ని ఊడదీసి వేరేది అతకగలదు. ఒక్క మరైనా మార్చకూడదనే సేకర్తలది ఇంకో అభ్యంతరం. వాళ్లకు జవాబు టస్కనీలో ఉంది. 1997 నుంచి అక్కడి గయోలే ఇన్ కియాంతిలో జరుగుతున్న లెరోయికా అనే పాత సైకిళ్ల యాత్రలో 1987కి ముందునాటి బళ్లు మట్టిరోడ్ల మీద పరుగెడుతున్నాయి. వాటిని కాపాడుతున్నది వాడకమే, అద్దాల బీరువా కాదు.

కోపం రావాల్సింది వేరేచోట. టోకున వెల్డింగ్ చేసిన ఫ్రేములకు పాత కాలపు పేర్లు అంటించి వింటేజ్ అని అమ్ముతుంటే జనం కొంటున్నారు. అసలైన ఫ్రేములేమో గ్రైండరు కిందికి పోతున్నాయి. అలాంటి ఫ్రేములు చేసిన రాలీ వాళ్ల నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీ కూడా 2002లో మూతపడింది. ఒకప్పుడు రెనాల్డ్స్, రాలీ రెండూ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ గొడుగు కిందివే. అదే సంస్థ భాగస్వామ్యంతో 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ మొదలైంది. మన ఊళ్లలో తిరిగిన హెర్క్యులిస్ బండి కూడా ఆ కుటుంబానిదే, దాని ఫ్రేముకీ లగ్గులే ఉండేవి. రేసు ఫ్రేముల నాజూకు దానికి లేకపోయినా విద్య ఒకటే. దాన్ని మనం లెక్కలేకుండా తూకానికి వేసేశాం. లండన్‌లో ఉన్నా, డాలస్‌లో ఉన్నా, గుంటూరులో ఉన్నా, పాత స్టీలు సైకిల్ చేతికి చిక్కినవాళ్లకి ఒక్కటే విన్నపం. మంచి చేయి పడిన పాత ఫ్రేములు ఉన్నవి ఉన్నన్నే, ఇక పుట్టవు. కొలవకుండా కోయకండి, చూడకుండా రంగు వేయకండి. గ్రీజు పెట్టి, బ్రేకులు సరిచూసి, తొక్కండి.