ఫోను ముసలిదా, బ్యాటరీ ముసలిదా?

ఫోను మందగించగానే దాని ఆయువు తీరినదని తలచి క్రొత్తది కొనుట పరిపాటియైనది. ఈ తలంపు ఎంత పొరపాటో ఐఫోను ఉదంతము తేటపరచుచున్నది.

2017 డిసెంబరులో గీక్‌బెంచ్ అను వేగపరీక్షను నిర్మించిన జాన్ పూల్ ఐఫోను 6ఎస్, 7 రకముల ఫలితములను పోల్చి చూచెను. సాఫ్టువేరు మారిన పిమ్మట, ఒకే రకపు ఫోనులలో కొన్ని నెమ్మదించినట్లు తేలినది. కొలది దినములకే ఆపిల్ సంస్థ ఈ సంగతిని అంగీకరించినది.

సంస్థ చెప్పిన కారణము శాస్త్రసమ్మతమే. లిథియం-అయాన్ బ్యాటరీ పాతబడిన కొలదీ దాని అంతర్నిరోధము పెరుగును. ప్రాసెసరు ఒక్కసారిగా హెచ్చు కరెంటును లాగినచో వోల్టేజి పడిపోయి, ఫోను హఠాత్తుగా ఆగిపోవును. అట్లు జరుగకుండుటకే ప్రాసెసరు గరిష్ఠవేగమునకు కళ్లెము వేసిరి. ముసలియెద్దును పరుగెత్తించక నడిపించుట తప్పు కాదు.

ఆ మాట బండి యజమానికి చెప్పకపోవుటయే తప్పు. ఎద్దును మార్చిన చాలునని తెలియనివాడు బండినే మార్చును గదా! సంస్థ బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్లనుండి 29 డాలర్లకు తగ్గించి, 2018లో బ్యాటరీ స్థితిని తెలుపు సదుపాయమును చేర్చినది. 2020లో ఫ్రాన్సు ప్రభుత్వశాఖ విధించిన 2.5 కోట్ల యూరోల జరిమానా ఈ మౌనమునకే.

మందగించిన ప్రతి ఫోనుకు కారణమిదియే కానక్కరలేదు. నిల్వచోటు నిండినను వేగము తగ్గవచ్చును. కాని కొట్టునకు పోవుటకు ముందు ఈ రెంటిని పరీక్షించుట వివేకము.