అద్దె చెప్పిన ధర

పశువుల సంతలో పాతకాలపు బేరం చూసినవాళ్లకు ఈ దృశ్యం గుర్తుంటుంది. ఇద్దరూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా అంకె ఆ ఇద్దరికే తెలుస్తుంది. బేరం చెడినా అమ్మేవాడి పరువు పోదు, ఎద్దు ధర పడిపోదు. ఇళ్ల బేరంలో ఆ తువ్వాలు పని మధ్యవర్తి చేస్తాడు. అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసి, ఇద్దరూ దగ్గరపడ్డాకే సిట్టింగ్ వేయిస్తాడు. ‘కుదరదు’ అన్న మాట ఎదుటివారి నోట వినాల్సిన పని ఉండదు. ఆయన కమీషన్ దండగని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను.

అయితే ఆయన మోసే అంకె మనమే తేల్చుకోవాలి. అద్దెకివ్వడానికి మొదటిసారి ఇల్లు కొనేవాళ్లు అమ్మేవాళ్లు చెప్పిన ధర దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతారు. అద్దె దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. హైదరాబాద్ నిజాంపేటలో నేను కొన్నది పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. చెప్పిన ధర 55 లక్షలు, వస్తున్న అద్దె 16 వేలు. ఏడాదికి 1.92 లక్షలు. ఒక నెల ఖాళీ, ఇంటిపన్ను, చిన్నాచితకా రిపేర్లు పోతే 1.6 లక్షలు మిగులుతాయి. పెట్టుబడి మీద కనీసం 3 శాతం రావాలనుకుంటే అన్నీ కలిపి 53.3 లక్షలు దాటకూడదు. అందులో రిజిస్ట్రేషన్‌కే ధర మీద 7.5 శాతం పోతుంది. అంటే నా హద్దు 49.5 లక్షలు. ఆ రిజిస్ట్రేషన్ ఖర్చు అప్పులో కలవదు. 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణానికి బ్యాంకు ఇచ్చేది ఆస్తి విలువలో 80 శాతమే. మిగతాదంతా చేతి డబ్బే.

అమ్మేవారు రిటైరైన మాస్టారు. మధ్యవర్తితో 47 అని చెప్పి పంపాను, ఊరికే కాదు, లెక్క రాసిన కాగితంతో. బెడ్‌రూమ్ గోడకు బాత్రూమ్ చెమ్మ దిగి పెయింటు ఉబ్బింది. ప్లంబర్ చెప్పిన 60 వేలు కూడా అందులో రాశాను. ఇల్లు బాగోలేదన్న మాట మాత్రం ఎక్కడా అనలేదు. పిల్లలను పెంచి పెద్దచేసిన ఇంటిని చిన్నబుచ్చితే ఏ మనిషీ తగ్గడు.

రెండు వారాలకు ఆయన 50.5 దగ్గర ఆగారు. అప్పుడు కూర్చున్నాం. 49.5 అడిగాను. మాస్టారు కాగితం మడతలు సరిచేసి మళ్లీ చదువుకుని, “చెమ్మ సంగతి నిజమే. కానీ లక్ష ఎందుకు తగ్గాలి బాబూ?” అన్నారు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు లాయరుకు ముందే చూపించి ఉన్నాను. “రేపే 5 లక్షల బయానా చెక్కు ఇస్తాను మాస్టారూ. 45 రోజుల్లో రిజిస్ట్రేషన్” అన్నాను. నగదు మాట ఎత్తలేదు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం. అమ్మాయి పెళ్లికి మాస్టారికి డబ్బు తొందరగా కావాలి. మధ్యవర్తి నోరు మెదపలేదు. ఆ నిమిషం మౌనం ఆయన అనుభవం. మాస్టారు 49.5కి ఒప్పుకున్నారు.

నా దృష్టిలో అసలు బేరం ఆ తర్వాతే మొదలైంది. పత్రాల్లో లోపంవల్ల బ్యాంకు అప్పు ఇవ్వకపోతే బయానా పూర్తిగా వాపసు అని అగ్రిమెంటులో రాయించాను. మెయింటెనెన్స్ బకాయిలు ఆయనవే. గీజర్లు, ఫ్యాన్లు ఇంటితోపాటే. అద్దెకున్నవాళ్ల అడ్వాన్స్ 32 వేలు ధరలోంచి మినహాయింపు. వాళ్లు ఖాళీచేసే రోజు ఆ డబ్బు ఇవ్వాల్సింది నేనే మరి.

రిజిస్ట్రేషన్ అయ్యాక మాస్టారే వెంటబెట్టుకెళ్లి ఆ కుటుంబాన్ని పరిచయం చేశారు. మెట్లు దిగుతూ నా భుజం మీద చెయ్యి వేసి, “ఒకటో తారీఖున అడక్కు బాబూ. వాళ్లకు జీతం ఐదున వస్తుంది” అన్నారు.